ఊరక దొరకిన కట్టె ఎవరిది?

డబ్బు పెట్టి కొనిన వస్తువు విషయమున మానవునకు ధర్మసందేహము తక్కువ. వెల చెల్లించితిని, తెచ్చుకొంటిని, వాడుకొంటిని అని మనస్సునకు సమాధానము చెప్పుకొనును. దొంగిలించిన వస్తువు విషయమునను సందేహము లేదు. అది తప్పని దొంగకును తెలియును. ఈ రెంటికి నడుమ నున్నది ఊరక దొరకిన వస్తువు. దానికి ఎవ్వరును వెల కట్టలేదు, ఎవ్వరును కావలి కాయుట లేదు. అట్టి దానిని తీసికొనుటలో తప్పేమి యని లోకము అడుగును. తప్పు లేకపోవచ్చును. కాని ఎట్లు తీసికొనవలెను, ఎంత తీసికొనవలెను, తీసికొనినదానిని ఎన్నాళ్లు దాచుకొనవచ్చును అను మూడు ప్రశ్నలు మిగిలియే యుండును. వీనిని విచారించుటకు వంటచెరకు చక్కని ఉదాహరణము. ఏలయనగా కట్టె ఊరక దొరకును. కాని ఊరక మండదు. దానిని ఏరవలెను, నరుకవలెను, మోయవలెను, ఎండబెట్టవలెను, తడవకుండ దాచవలెను.

సికింద్రాబాదు నగరమున బేగంపేట యనగానే పలువురకు విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను ఆ తలపు పోలేదు. ఆరవ నిజాము కుమార్తె బషీరున్నిసా బేగమునకు వివాహకాలమున లభించిన ప్రదేశ మగుటచే దానికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నేడచ్చట మేడలు పెరిగినవి, రహదారిపై వంతెనలు వెలసినవి. అయినను అక్కడక్కడ పెద్ద చెట్లు మిగిలియున్నవి. వేసవి చివర ఈదురుగాలులు వీచినపుడు నిద్రగన్నేరు, తురాయి వంటి చెట్ల కొమ్మలు విరిగి దారిన పడుట అచ్చటి వారికి క్రొత్త కాదు. వానకాలమునకు ముందు తీగలకు తగులు కొమ్మలను విద్యుత్తు శాఖవారు కొట్టించుటయు పరిపాటియే.

అట్టి గాలివాన కురిసిన మరునాటి ఉదయము నొకదానిని పాఠకులు ఊహించుకొందురు గాక. పదవీ విరమణ చేసిన గృహస్థు ఒకడు. ఇష్టలింగపూజ తప్పనివాడు. ఇంట వంటకు గ్యాసు కలదు. స్నానమునకు మాత్రము పెద్దలనాటి రాగి బాయిలరు వాడుకలో నున్నది. రాత్రి వీథిచివర పెద్దకొమ్మ విరిగిన చప్పుడు వినినాడు. చీకటితోనే లేచి, గొడ్డలియు రంపమును తీసికొనిపోయి, తన చేతులతో దుంగలు కోసి, నాలుగు విడతలుగా ఇంటి పెరటికి చేర్చినాడు. అదే వీథికి తొమ్మిది గంటలవేళ ఒక స్త్రీ కొడవలియు త్రాడును పట్టుకొని వచ్చినది. రైలు స్టేషను దాపున కాలిబాటపై ఇడ్లీలు వండి అమ్ముకొను ఆమెకు కట్టెలపొయ్యియే ఆధారము. గృహస్థుడు కొమ్మ కోయుచున్న వేళ ఆమె పొయ్యియొద్ద నున్నది. వచ్చి చూచుసరికి ఆకురొట్ట తప్ప మరేమియు మిగులలేదు. "కొన్ని పుల్లలన్నా ఇడిసిపెట్టరాదా సారూ!" అని మాత్రము అని వెడలిపోయినది.

గృహస్థుడు తప్పు చేసినాడా? అతడు తన పక్షమున మూడు మాటలు చెప్పుకొనగలడు. ఒకటి, తాను చెట్టును నరుకలేదు, విరిగిపడినదానినే తెచ్చుకొన్నాడు. రెండు, కూలివానిని పెట్టక తన చెమటతో తెచ్చుకొన్నాడు. ఇది కాయకమే గదా. మూడు, తాను తీయకున్న నగరపాలక సంస్థవారి బండి ఎత్తుకొనిపోయెడిది. ఎవరికిని దక్కెడిది కాదు. ఈ మూడు మాటలును తేలికగా త్రోసివేయదగినవి కావు. ఒక్కొక్కదానిని తూచి చూడవలసియున్నది.

మొదటి మాటలో సత్యము కలదు. కట్టె మూడు విధములుగా దొరకును: తానై రాలినది, ఇతరులు నరికి విడిచినది, ఇంకను నిలిచియున్న చెట్టునుండి కొట్టినది. మొదటి రెండింటికిని మూడవదానికిని చాల భేదము కలదు. 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష చట్టము, అనగా జనులు వాల్టా యని వ్యవహరించునది, అనుమతి లేక చెట్లు కొట్టుటను నిషేధించినది. చట్టము లేకున్నను శరణధర్మము ఆ మాటనే చెప్పును. కల్యాణమున నులియ చందయ్య యను శరణుడు చెరువుగట్లపై పెరిగిన గడ్డిని కోసి, త్రాళ్లు పేని, అమ్మి, జంగమదాసోహము నడపెను. అతడు కోసినది మరల చిగిర్చెడి గడ్డి. ప్రకృతి తిరిగి ఇచ్చుకొనగలిగినంతయే తీసికొనుట అతని వృత్తిలోనే కలదు. ఇక రహదారిపై పడిన కొమ్మ నగరపాలక సంస్థ సంరక్షణలోనిది. పనివారు వచ్చినపుడు ఒక మాట అడిగి తీసికొనుట మర్యాద. అడిగినవానికి చేయి అడ్డుపెట్టుట అరుదు; అడుగనివానికి మాత్రము తాను తెచ్చుకొనినది తనదేనా యను సంశయము మిగిలిపోవును. ఈ లోపమును మినహాయించిన గృహస్థుని మొదటి మాట నిలుచును.

రెండవ మాట కాయకమునకు సంబంధించినది. దీనికి బేగంపేట విడిచి కొంత పడమటికి పోవలసియున్నది. ముంబాయి రహదారిపై జహీరాబాదు, హుమ్నాబాదు దాటినపిమ్మట బసవకల్యాణము వచ్చును. ఆ కల్యాణమున్న బీదరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. కావున తెలుగునాటి శరణకుటుంబములకు అది పరాయిచోటు కాదు. పండ్రెండవ శతాబ్దమున బిజ్జలుని కొలువున బసవేశ్వరుడు దండనాయకుడై యున్న కాలములో అచ్చట ఒక దంపతులు కట్టెలమ్మి బ్రతికిరి. ఆయన మోళిగ మారయ్య, ఆమె మహాదేవమ్మ. మోళిగ యనగా కట్టెల మోపు. ఆయన పూర్వాశ్రమమున కాశ్మీరము నేలిన రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని సింహాసనమును వదలి సతీసమేతముగా కల్యాణమునకు వచ్చెననియు శరణ సంప్రదాయము చెప్పును. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించిన బసవపురాణమునను ఆయన కథకు చోటు కలదు. ఆ దంపతు లిరువురును వచనములు చెప్పినవారే. మారయ్య వచనములు నిఃకళంక మల్లికార్జున యను అంకితముతో నున్నవి.

మారయ్య ప్రతిదినమును అడవికి పోయి, కట్టెలు కొట్టి, మోపుకట్టి నెత్తిన పెట్టుకొని వచ్చి అమ్మెడివాడు. వచ్చినదానితో జంగములకు అంబలి పోసి, మిగిలినది తాము త్రాగెడివారు. వారి లేమి బసవేశ్వరుని చెవిని పడినది. మారయ్య లేని సమయమున ఆయన మారువేషమున వారి గుడిసెకు వచ్చి, మహాదేవమ్మ పోసిన అంబలిని ప్రసాదముగా గైకొని, తెలియకుండ బంగారు నాణెములు ఉంచి వెడలెను. మారయ్య తిరిగి వచ్చి వానిని చూచి సంతసింపలేదు, బాధపడినాడు. ఆ బంగారమును జంగములకు పంచిపెట్టినాడు. పాదోదకము సోకి ఆయన కట్టెలే బంగారమైనవనియు, బసవేశ్వరుడు తన పొరపాటును గ్రహించి శరణు వేడెననియు కథ ముగియును.

ఈ కథలోని మహిమను భక్తులు తమ భక్తికొలది గ్రహింతురు. నీతి విషయమున గమనింపదగిన దొకటి కలదు. అడవిలోని కట్టె మారయ్యకు ఊరక దొరకినదే. గుడిసెలోని బంగారమును ఊరక దొరకినదే. మొదటిదానిని ఆయన నిత్యమును స్వీకరించెను. రెండవదానిని ఒక్కనాడును ఉంచుకొనలేదు. భేద మెక్కడ? కట్టెకు వెల లేదు గాని శ్రమ కలదు. గొడ్డలి ఎత్తినపుడు భుజము నొచ్చును, మోపు మోసినపుడు మెడ వంగును. బంగారమునకు ఆయన ఏమియు చేసియుండలేదు. చేయని పనికి వచ్చిన సొమ్ము చేయుపనిని చిన్నబుచ్చును. బసవేశ్వరుని వంటి మహాత్ముడు కరుణతో ఇచ్చినను అది కాయకమునకు అడ్డుపడిన దానమే యయ్యెను. రాజ్యము నేలినవాడు కట్టెలమ్మినాడని వినినపుడు లోకము జాలిపడును. కాని ఆ జాలిని మారయ్య అంగీకరింపలేదు. కట్టెల మోపు తన పతనమని ఆయన ఎన్నడును తలంపలేదు. ఈ కథనుబట్టి చూచిన, తన చేతులతో దుంగలు కోసిన బేగంపేట గృహస్థునకు బలము చేకూరును. చెమటోడ్చినవానికి హక్కు కలదు.

అయితే శరణులు అక్కడ ఆగలేదు. కల్యాణమున మరియొక మారయ్య కలడు. ఆయన ఆయ్దక్కి మారయ్య, భార్య లక్కమ్మ. రాయచూరు సీమలోని అమరేశ్వరమునుండి వచ్చిన దంపతులు. బసవేశ్వరుని మహామనెలో దాసోహమునకై బియ్యము తెచ్చునపుడు, చెరుగునపుడు నేలరాలిన గింజలను ఏరితెచ్చుట ఆయన కాయకము. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. ఒకనాడు ఆయన అనుభవగోష్ఠిలో మునిగి పని మరచెను. లక్కమ్మ జ్ఞాపకము చేయగా త్వరపడి పోయి, నిత్యము తెచ్చునంతకంటె అధికముగా ఏరుకొని వచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఎన్నడును లేనిది ఇంత ఏల తెచ్చితిరని నిలదీసి, అధికమైనదానిని తీసికొనివచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఆయన పోసి వచ్చెను. ఆయ్దక్కి మారయ్య, మోళిగ మారయ్య, నులియ చందయ్య ఈ మువ్వురి ప్రసంగములును శూన్యసంపాదనలో వేర్వేరు ఘట్టములుగా కూర్పబడియున్నవనిన, మన పెద్దలు ఏరుకొని బ్రతుకువారి ధర్మమును ఎంత గౌరవించిరో తెలియగలదు.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య దొంగిలింపలేదు. ఆ గింజలు నేలరాలినవే. శ్రమ లేదనుటకును వీలులేదు. వంగి వంగి ఏరినవాడు ఆయనయే. అయినను తప్పు దొరలినది. అనగా శ్రమ ఒక్కటియే హక్కును పూర్తిగా ఇయ్యదు. శ్రమ చేయిచాచుటకు అర్హత నిచ్చును. ఎంతవరకు చాపవచ్చునో అవసరము చెప్పవలెను. బలమున్నవాడు పది మోపులు కొట్టగలడు. ముసలిది ఒక మోపు కొట్టలేదు. శ్రమయే కొలత యైనచో బలవంతునకు అడవియంతయు చెల్లును. నేలరాలిన గింజలయందు ఇతరులకును, పక్షులకును, చీమలకును పాలు కలదు. కనబడని ఆ భాగస్థులను లక్కమ్మ కనిపెట్టినది. గృహస్థుని రెండవ మాట ఇచ్చట సగమునకు తగ్గిపోవుచున్నది.

ఇప్పుడొక ఆక్షేపణ రాగలదు. బియ్యము వేరు, కట్టె వేరు. ఏరిన బియ్యమును ఆ పూటయే వండవచ్చును. నేడు కొట్టిన కట్టె నేడు మండదు. పచ్చికట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే యుండును. దానిని పొయ్యిలో పెట్టిన నిప్పు మొదట ఆ నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును. వంట ఆలస్యమగును, ఇల్లు పొగచూరును. కట్టెలోని తేమ ఐదవవంతుకు లోబడినగాని చక్కగా మండదు. దానికి నెలలు పట్టును. పైగా వానకాలమున పొడికట్టె దొరకదు. కావున కట్టె విషయమున రేపటికి దాచరాదనుట ఆచరణసాధ్యము కాదు. లక్కమ్మ నియమమును అక్షరశః పాటించువాడు ఆషాఢమాసమున పచ్చికట్టె ఊదుచు కూర్చుండవలసివచ్చును.

ఈ ఆక్షేపణ సబబైనదే. దాచుట తప్పు కాదు. ఎట్లు దాచుట యన్నదే విచారింపదగినది. దుంగను పొయ్యికి పట్టునంత పొడవుగా కోసి, పేళ్లుగా చీల్చినగాని లోపలి తేమ పోదు. పేళ్లను నేలపై వేయక రాళ్లమీదనో ఇటుకలమీదనో ఎత్తుగా పేర్చవలెను. లేనిచో చెద పట్టును. నడుమ గాలి ఆడునట్లు సందులు విడువవలెను. ఇంటిగోడ కానించి పేర్చినచో చెద గోడకును ప్రాకును. తేళ్లు, పాములు చేరును. వానకు పైభాగమునే కప్పవలెను గాని ప్రక్కలు మూయరాదు; మూసిన కట్టె ఎండదు, బూజు పట్టును. తుమ్మ, చింత కట్టెలు నిలుకడగా మండును. గన్నేరు వంటి విషపు చెట్ల కొమ్మలను పొయ్యిలో పెట్టనేరాదు. ఈ మెలకువలు తెలిసినవానికి ఒక సంగతి స్పష్టమగును: కట్టె బాగుగా నిలువయుండవలెనన్న దానికి గాలి తగులవలెను. నలుగురి కంటబడకుండ మూసిపెట్టిన కట్టె పాడగును. దాచుటలో మంచిచెడ్డలకు ఇంతకంటె సులువైన గురుతు కానరాదు. పదిమందికి కనబడునట్లు పేర్చి, అడిగినవానికి ఇచ్చునట్లు ఉంచినది సిద్ధపరచుట. తలుపు బిగించి, లెక్కించుకొని, ఇతరులకు దక్కకుండుటకై చేర్చినది లోభము. రెండును చూపునకు ఒకే కుప్పగా కనబడవచ్చును. ఏడాదికి వాడబడక మిగిలిన కట్టెకు చెదయే వారసుడు. ఆ కుప్పయే యజమానుని అవసరమెంతో చెప్పివేయును.

ఇక అవసరములలో ఎవరి అవసరము ముందు? 1988వ సంవత్సరపు జాతీయ అటవీ విధానము, అడవులలోను అడవుల చెంతను నివసించు గిరిజనుల, పేదల వంటచెరకు మొదలగు అక్కరలను అటవీ ఫలసాయమునందు మొట్టమొదటి బాధ్యతగా పేర్కొన్నది. అడవికి చెప్పిన మాట నగరవీథికి ఏల చెల్లరాదు? గ్యాసు కలిగినవానికి కట్టె ఒక సౌకర్యము. గ్యాసు లేనివానికి అది అన్నము. 1999లో ఉమ్మడి రాష్ట్రమున దీపం పథకమును, 2016 మే 1న కేంద్రము ఉజ్జ్వల పథకమును ప్రారంభించుటచే ఎన్నో పేద ఇండ్లకు గ్యాసు వచ్చినది. కాని సిలిండరు వచ్చినంతమాత్రమున పొయ్యి మారదు. నిండుకొనినప్పుడెల్ల మరల నింపించుకొనుటకు చేతిలో డబ్బుండవలెను. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున కట్టెలపొయ్యిని పొగడుట ధర్మము కాదు. అది తప్పనివారికి పచ్చికట్టె మిగిల్చి, తప్పించుకొనగలవాడు ఎండుకట్టెపై కూర్చుండుట అంతకంటెను ధర్మము కాదు.

మూడవ మాటకు ఇప్పుడు సమాధానము సులువు. తాను తీయకున్న బండివారు ఎత్తుకొనిపోయెదరని గృహస్థుడు తలంచినాడు. ఆ మాట నిజమైనను, అది కొమ్మను ఎత్తుటకు కారణ మగును గాని అంతయు తనకే ఉంచుకొనుటకు కారణము కాజాలదు. మునిగిపోవుచున్న ధాన్యమును ఒడ్డునకు చేర్చినవాడు ధాన్యమంతటికిని యజమాని కాడు.

మరి అతడేమి చేయవలెను? ఆ ఇంటి ఇల్లాలు పెరటిలోని కుప్పను చూచి, "ఏమండీ, ఇన్ని కట్టెలు మనకు ఎన్నాళ్లకు?" అని అడిగినదనుకొనుడు. లక్కమ్మ అడిగిన ప్రశ్నయే అది. అతడు లెక్కవేసి చూచిన, బాయిలరునకు మూడేండ్లకు సరిపోవునని తేలును. లక్కమ్మ చెప్పినట్లు మిగిలినదానిని తెచ్చినచోటనే పోసిరావలెనా? వీథిలో పోసిన కట్టెను బండి ఎత్తుకొనిపోవును. ఆ స్త్రీకి మూటగట్టి పంపవలెనా? పచ్చికట్టె ఆమెకు నేడు పనికిరాదు. ఒంటిగది కాపురములో ఎండబెట్టుకొనుటకు చోటులేదు. పైగా ఊరక పంపినది మోళిగ మారయ్య గుడిసెలో ఉంచిన బంగారమువంటిదే యగును.

ఇచ్చటనే దాసోహము దారి చూపుచున్నది. గృహస్థునకు ఉన్నది కట్టె మాత్రమే కాదు. పెరడు కలదు, ఎండ కలదు, తీరిక కలదు. ఆమెకు లేనివి ఇవియే. అతడు తన ఏడాదికి చాలినంత వేరుచేసికొని, మిగిలినదానిని ఆమె పాలుగా పేర్చి ఎండనిచ్చుటకు చోటియ్యవలెను. ఆమె తీరికవేళ వచ్చి తన పాలు తానే చీల్చుకొని, వలసినపుడు మోపుకట్టుకొని పోవును. అప్పుడు అది బిచ్చము కాదు. ఆమె కాయకము ఆమెదే. అతనిది దానమును కాదు. తనవద్దనున్న చోటును పంచుకొనుట. దాచుట తప్పనిసరియైనచోట, చోటు లేనివాని కొరకును దాచినయెడల ఆ కుప్ప లోభమునుండి విడివడి దాసోహమగును. మఠముల ఆవరణములలో గాలివానకు చెట్లు కూలినపుడును ఇదే పద్ధతి నవలంబింపవచ్చును. దాసోహపు వంటశాలకు వలసినంత తీసికొని, మిగిలినది చుట్టుపట్ల కట్టెలపొయ్యి తప్పనివారు కొట్టుకొనునట్లు వాకిలి తెరచియుంచుట మఠమునకు వన్నె తెచ్చును.

వీరశైవులకు కట్టెతో గల సంబంధము విచిత్రమైనది. ఇతరులు బ్రతికియుండగా ఎంత వాడినను తుదకు చితికి మరికొంత కట్టె కావలెను. లింగధారికి ఆ అక్కర లేదు. అతడు భూమియందు సమాధిస్థు డగును. అతడు వాడు కట్టెయంతయు బ్రతుకునకే. వంటకో, స్నానమునకో, జంగమునకు పెట్టు అన్నమునకో. మరణమునకు దాచుకొనవలసినది లేనివాడు జీవితమునందు ఎక్కువ దాచుకొనుట ఏల?

కట్టె ఊరక దొరకినది. అది దొరకినవానిది కాదు, దానిపై శ్రమించి, తన పొయ్యికి సరిపడ తీసికొని, మిగిలినది అవసరమైనవారికి విడిచినవానిది. నేటికిని బేగంపేటలో గాలి వీచిన మరునాడు వీథిలో కొమ్మలు పడుచునే యున్నవి. గొడ్డలి తీసికొని బయలుదేరు గృహస్థుడు తొమ్మిది గంటలకు కొడవలితో వచ్చునామెను కూడ లెక్కలో ఉంచుకొనిన చాలును; మోళిగ మారయ్య మోపును, లక్కమ్మ మాటయు అతని ఇంట నిలిచియున్నట్లే.